బండి ఫిట్ గాదు

దిలావర్ ఇనపకడ్డీతో వెనక చక్రం నట్లను ఒక్కొక్కటే తడుతూ చెవి ఒగ్గి వింటున్నాడు. బిగువుగా ఉన్న నట్టు ఖంగుమంటుంది. వదులైంది చచ్చు మోత మోగుతుంది. తట్టడం అయ్యాక వంగి, బస్సు కింద ఇసుకలో నూనె చుక్కలేమైనా పడ్డాయేమో చూశాడు. రేడియేటర్ మూత తీసి వేలు ముంచాడు. పైకెక్కి బ్రేకు పెడలు మీద ఒంటి బరువంతా మోపి కాసేపు అలాగే ఉన్నాడు. ప్రొద్దుటూరు డిపోలో ఎర్ర బస్సు నడిపినన్నాళ్లూ ఇదే వరస. అక్కడ డ్రైవరు బండి చూసుకుని ఫిట్ అంటేనే గేటు దాటేది. ఫిట్ గాదు అంటే డిపో మేనేజరు తాత దిగొచ్చినా కదిలేది కాదు. సౌదీలో ఆ మాట అడిగే దిక్కు లేదు. అయినా తొమ్మిదేళ్లుగా దిలావర్ ప్రతి ఉదయం ఆ ప్రశ్న తనే వేసుకుని, జవాబు తనే చెప్పుకుంటున్నాడు.

తొంభై ఒకటి జనవరి చివర. జుబైల్ ఊరి బయట రేకుల క్యాంపు మీద చలి ఇంకా వీడలేదు. దిలావర్ పాత స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. మనిషి పొడగరి. ముప్పై ఏళ్లు స్టీరింగు ముందు కూర్చోవడంతో వీపు కొంచెం వంగి, నిలబడినా కూర్చున్నట్టే కనిపిస్తాడు. గోరింటాకు పెట్టిన మీసం, ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన గాయం మచ్చ. క్యాంపులో ఒక ఉమ్మడి మెస్సు ఉంది. వంతుల ప్రకారం వండుకుని నలుగురూ కలిసి తింటారు. దిలావర్ మాత్రం తన కిరసనాయిలు స్టవ్వు మీద తన గిన్నెలో తను వండుకుని, మంచం అంచున కూర్చుని తింటాడు. ఒంటికాయ సొంటికొమ్ము అని జనం వెనక నవ్వుకుంటారని అతనికి తెలుసు. చీమ కుట్టినట్టయినా ఉండదు.

యుద్ధం మొదలైనప్పటి నుంచి క్యాంపు నిద్రపోవడం మరిచింది. ఇరాక్ సైన్యం సరిహద్దు దాటి ఖఫ్జీ ఊళ్లోకి దిగిందని ముందు రోజే రేడియో చెప్పింది. ఖఫ్జీకీ జుబైల్‌కీ మధ్య ఉన్నది ఇసుక, రోడ్డు, అంతే. ఇరాక్ క్షిపణి వస్తోందని సైరన్ మోగితే కంపెనీ ఆఫీసువాళ్లు విషవాయువు మాస్కులు తగిలించుకుంటారు. క్యాంపులో ఉండే వెల్డర్లకు, ఫిట్టర్లకు మాస్కులు రాలేదు. వాళ్లను తువ్వాలు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకోమన్నారు. సాయంత్రాలు ఆఫీసు స్టాఫును దింపి వచ్చేది దిలావరే కాబట్టి అతనికి మాత్రం ఒకటి ఇచ్చారు. అది డ్రైవరు సీటు కింద అట్టపెట్టెలో ఉంది.

వారం కిందట, కంపెనీ కాంట్రాక్టు తీసుకున్న ఫ్యాక్టరీకి పనివాళ్లను తీసుకెళ్తుంటే, దారిలోనే సైరన్ కూసింది. దిలావర్ బస్సు పక్కకు ఆపి, పెట్టెలోంచి మాస్కు తీశాడు. తీసి, అలవాటు కొద్దీ పైన అద్దంలోకి చూశాడు. వెనక యాభై ముఖాలు తడి తువ్వాళ్ల మీంచి కళ్లు మాత్రమే కనిపిస్తూ అతని చేతుల వైపే చూస్తున్నాయి. దిలావర్ ఆ మాస్కు పెట్టుకోలేకపోయాడు. మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. ఆ రోజు ఎక్కడా ఏమీ పడలేదు కానీ, ఆ చూపు మాత్రం అతనికి అన్నం దగ్గర కూడా గుర్తొస్తూనే ఉంది.

నిన్న సాయంత్రం అందరూ మెస్సులో కూడి ఒక మాట అనుకున్నారు. అది చెప్పడానికి పైపు ఫిట్టరు సర్దార్ దిలావర్ గదికి వచ్చాడు. నిజామాబాద్ దగ్గరి మనిషి, నలభై ఏళ్లవాడు, మాట ఒక లెవెల్లో మొదలుపెట్టి రెండు లెవెళ్లు పెంచుతాడు.

"దిలావరన్నా, రేపు పొద్దుగాల మేమెవ్వరం బస్సెక్కం. మాస్కులిచ్చినంకనే పనికి పోతం. నువ్వు గూడ ఇంజను బందువెట్టి మాతోని నిలవడు."

దిలావర్ స్టవ్వు వత్తి సరిచేస్తూ తల ఎత్తలేదు. "నేను యా జట్టులోనూ ల్యా సర్దారూ. మీరు ఎక్కితే మిమ్మల్ని తోల్కపోతా. ఎక్కకపోతే కాలీ బండి తోల్కపోతా. బండి తోలేది నా పని."

"నీకు మాస్కున్నది గద. గందుకే గా మాట."

సర్దార్ విసురుగా వెళ్లిపోయాడు. దిలావర్ బియ్యం కడగడానికి గిన్నె తీసుకుని లేచాడు. ఆ మాట అతనికి బాగా తగిలింది.

జట్టు అంటే అతనికి మొదటి నుంచీ పడదు. అతని తండ్రి ప్రొద్దుటూరులో పత్తి మిల్లు కూలి. ఏ కాగితం మీదైనా మిల్లు యజమానే ఆయన బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించేవాడు. చిన్నప్పుడు అది చూసిన దిలావర్, తన చెయ్యి ఇంకొకరు పట్టుకుంటే సహించలేని మనిషిగా పెరిగాడు. డిపోలో చేరిన మొదటి రోజునే యూనియన్ మనుషులు సభ్యత్వం పుస్తకం తెచ్చి వేళ్ల మధ్య పెన్ను దూర్చి, "సంతకం పెట్టు, ల్యాకుంటే నీకు మంచి రూటు రాదు" అన్నారు. మర్యాదగా అడిగి ఉంటే పెట్టేవాడేమో. చెయ్యి పట్టుకున్నారు కాబట్టి పెట్టలేదు. ఆ తర్వాత పద్నాలుగేళ్లూ పెట్టలేదు.

సమ్మె వచ్చింది. డిపో మొత్తం ఆగిపోతే దిలావర్ ఒక్కడే బండి తీశాడు. జమ్మలమడుగు దారిలో ఎవరో విసిరిన రాయికి ముందద్దం పగిలి, కనుబొమ చీలింది. యూనియన్ కార్యదర్శి ఓబులయ్య, రోజూ అతనితోనే డ్యూటీ చేసిన కండక్టరు, ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "నువ్వు చేసింది తప్పని నేనంటా దిలావరూ. నిన్ను రాయితో కొట్టినోడు అంతకంటే పెద్ద తప్పు చేసినాడని గూడా అంటా. బయట వాళ్లతో అదే చెప్పొచ్చినా" అన్నాడు. సమ్మె గెలిచింది. రాత్రంతా బండి నడిపిన డ్రైవరుకు మర్నాడు విశ్రాంతి ఇవ్వాలని ఒప్పందమైంది. ఆ విశ్రాంతి సభ్యులతో పాటు దిలావర్‌కూ వచ్చింది. వద్దని అనలేదు. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు కూడా. తను అడగనిది తనకు వచ్చిందనుకున్నాడు కానీ, డిపోలో టీ దగ్గర అతని పక్కన నిలబడేవాళ్లు లేకపోయారు. ఓబులయ్య ఒక్కడే వచ్చేవాడు. ఆయన రావడం ఇంకా కష్టంగా ఉండేది.

సౌదీకి పంపే ఏజెంటు "ఆడ యూనియన్లు గినియన్లు ఏం ఉండవు భాయ్" అంటే, "నాకు కావాల్సింది అదే" అని బయల్దేరాడు. మొదటి ఏడాది ఎంత సుఖమనిపించిందో! జెండా లేదు, గేటు మీటింగు లేదు, పెన్ను పట్టుకుని వెంటపడేవాళ్లు లేరు. రానురాను అసలు సంగతి తెలిసింది. పాస్‌పోర్టు, పనికి పిలిపించుకున్న సౌదీ యజమాని, అదే కఫీల్, బీరువాలో ఉంటుంది. పని మారాలన్నా, ఊరు వెళ్లాలన్నా, చివరికి పక్క ఊళ్లో చుట్టాన్ని చూడాలన్నా ఆయన కాగితం కావాలి. నలుగురు కలిసి ఒక మాట అడిగితే నేరం. అక్కడ చేరను అనే స్వేచ్ఛ కోసం తల పగలగొట్టించుకున్నాడు. ఇక్కడ చేరను అనడానికైనా ఒక సంఘం ఉండాలి కదా! ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. అంటే ఓబులయ్య గెలిచినట్టవుతుందని భయం.

అయినా ఇక్కడి నుంచి పోదామని ఏనాడూ అనుకోలేదు. యాభై నాలుగేళ్ల వాడికి ప్రొద్దుటూరులో పెద్ద బండి ఎవరిస్తారు? ఈ స్టీరింగు పోతే ఈ జన్మకు ఇంకో స్టీరింగు లేదు. యుద్ధం భయానికి క్యాంపులో సగం మంది ఇంటికి పంపమని ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. దేశం దాటడానికి కావాల్సిన ఎగ్జిట్ ఎవరికీ ఇవ్వడం లేదు. భార్య హాజిరా ఫోన్లో ఏడిస్తే, "బండి తోలేటోడు గుంతలకు బయపడితే ఎట్ల? నేను రాను" అని కసిరి, ఫోను పెట్టేశాక చాలా బాధపడ్డాడు.

బ్రేకు మీంచి కాలు తీసి ఇంజను స్టార్ట్ చేశాడు. తెల్లారుతోంది. క్యాంపు వాకిట్లో మనుషులు గుంపుగా చేరారు. రోజూ ఉండే టిఫిన్ డబ్బాలు ఇవాళ ఎవరి చేతిలోనూ లేవు. గేటు దగ్గర కంపెనీ మేనేజరు తోబు అనే తెల్లటి పొడుగు అంగీ మీద నల్ల కోటు వేసుకుని నిలబడ్డాడు. ఆయన వెనక పోలీసు పికప్పు ఒకటి ఆగి ఉంది. నిన్నటి మీటింగు సంగతి అప్పుడే గేటు దాటిందన్నమాట.

సైటు ఇంజనీరు వీరభద్రరావు బస్సు కిటికీ దగ్గరకు గబగబా వచ్చాడు. భీమవరం వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఆ చలిలో కూడా నుదురు తుడుచుకుంటున్నాడు.

"దిలావర్, బస్సు గేటు దగ్గర పెట్టి డోర్ ఓపెన్ చెయ్యి. ఎవరెక్కుతారో, ఎవరెక్కరో మేనేజర్ గారే చూస్తానన్నారు."

"ఎక్కనోళ్లను ఏం చేస్తారు సార్?"

"చూస్తున్నావుగా పికప్‌ని. ముందు కనబడ్డ పదిమందిని తీసుకెళ్లిపోతారు. స్ట్రైక్ అంటే ఇక్కడ క్రైమ్ కదా. లోపలేసి, ఆనక డీపోర్ట్ చేస్తారు. నన్నేం చెయ్యమంటావ్, నాదీ ఉద్యోగమే."

దిలావర్ వాకిలి వైపు చూశాడు. సర్దార్ అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. పికప్పు పట్టుకుపోయే పదిమందిలో మొదటివాడు అతనే. ఇప్పుడు తను చేయాల్సింది చాలా చిన్న పని. బస్సును వంద గజాలు నడిపి, గేటు దగ్గర ఆపి, తలుపు తెరవడం. తెరిచిన తలుపు ముందు వాళ్లు ఎక్కకపోతే సమ్మె. తలుపే రాకపోతే?

ఇంజను ఆపేశాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. సీటు కింది అట్టపెట్టె చంకలో పెట్టుకుని దిగి, మేనేజరు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. గొంతు డిపోలో ఫోర్‌మన్‌తో మాట్లాడినట్టే వచ్చింది.

"బండి ఫిట్ గాదు సార్."

వీరభద్రరావు తెల్లబోయాడు. "ఇప్పుడేగా ఇంజన్ స్టార్ట్ చేశావ్! ఏమైంది?"

"ఇంజను బాగుండాది. బ్రేకు బాగుండాది. యాభై మంది కూచ్చునే బండిలో మాస్కు ఒకటే ఉండాది." పెట్టె ఇసుకలో పెట్టాడు. "సైరన్ కొడితే ఈ ఒక్కటీ ఎవురికి కట్టాల? అది తేలేదాకా బండి ఫిట్ గాదు. నేను తియ్యను."

మేనేజరు కళ్లు చిన్నవి చేసి అరబ్బీలో ఏదో అడిగాడు. వీరభద్రరావు గొంతు తగ్గించాడు. "నీ వెనకాల ఎవరున్నారని అడుగుతున్నారు. పేర్లు చెప్పేస్తే నీ జోలికి రారంట. చెప్పెయ్యవయ్యా బాబూ."

"నా యనక ఎవురూ ల్యా. ఈ క్యాంపులో ఎవురినైనా అడుగుమను సార్. తొమ్మిదేండ్లలో ఒకరితో కలిసి బువ్వ గూడా తిన్నోణ్ని గాదు. నాకు ఎవురు చెప్తారు, చెప్పినా నేను ఎవురి మాట ఇంటాను?"

అది నిజమని వీరభద్రరావుకు తెలుసు. ఆ నిజాన్నే అరబ్బీలోకి మార్చి చెబుతుంటే ఆయన గొంతు కొంచెం స్థిరపడింది. మేనేజరు వాకిట్లోని గుంపు వైపు వేలు చూపించి గద్దించాడు. మీరెందుకు ఎక్కలేదు అని. సర్దార్ ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచాడు.

"సర్దారూ, గమ్మునుండు!" దిలావర్ తెలుగులో అరిచాడు. "నోరిప్పితివంటే ఆ పికప్పులో నువ్వే ముందర. బండి రాంది మీరు ఎట్ల ఎక్కుతారు? ఎక్కనని ఎవురన్నారు? ఎవురూ అన్లేదు. ఇది నా బండి, నా మాట."

సర్దార్ తెరిచిన నోరు మూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని వెనక గుంపు కూడా కదల్లేదు. జీవితంలో మొదటిసారి ఒక గుంపు తన మాట వింటోందని దిలావర్‌కు ఆ క్షణంలో తోచలేదు. తర్వాత తలుచుకుంటే అతనికే నవ్వొచ్చింది.

మేనేజరు తాళంచెవి లాక్కున్నాడు. కానీ క్యాంపులో పెద్ద బండి లైసెన్సు ఉన్న ఇంకో డ్రైవరు లేడు. ఉన్న ఒక్కడూ సైన్యానికి నీళ్ల ట్యాంకరు తోలడానికి వెళ్లాడు. పికప్పు కాసేపు ఆగి, పట్టుకుపోవడానికి సమ్మె అంటూ ఏదీ కనబడక వెనక్కి తిరిగింది. ఇంతలో ఫ్యాక్టరీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అక్కడ మరమ్మతు కోసం యంత్రాలు ఆపి పెట్టుకుని కూర్చున్నారు, మనుషులు ఏరి? వీరభద్రరావు బస్సు చెడిపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. రిసీవరు పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించి, మాస్కులు లేవు కాబట్టి డ్రైవరు బండి తీయనన్నాడని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ మాట ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు చెవిన పడింది. మధ్యాహ్నానికి ఆయన పంపిన లారీ ఒకటి మాస్కుల అట్టపెట్టెలు దించి వెళ్లింది.

మాస్కులు పంచుతుంటే వాకిట్లో చిన్న తిరనాళ్లలా ఉంది. ఒకళ్ల పట్టీలు ఒకళ్లు బిగించుకుంటున్నారు, ఒకళ్లను చూసి ఒకళ్లు నవ్వుతున్నారు. జట్టు కట్టినవాళ్లకు దక్కింది జట్టులో లేనివాడు తెచ్చిన మాస్కు. దిలావర్ కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కుంటూ వాళ్లను చూశాడు. పనిలేని మధ్యాహ్నం అతనికి చాలా ఏళ్లుగా రాలేదు. ఖాకీ చొక్కాకు సబ్బు రుద్ది, జాడించి, పిండి, గదుల మధ్య కట్టిన తీగ మీద ఆరేశాడు.

అప్పుడే వీరభద్రరావు వచ్చాడు. కళ్లలోకి చూడలేక తడిసిన ఇసుకను చూస్తూ చెప్పాడు. "నీ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించేశారు దిలావర్. ఫైనల్. మళ్లీ రావడానికి ఉండదు. దమ్మాం వైపు విమానాల్లేవు కదా, జెద్దా దాకా రోడ్డు మీదే పంపుతారంట. బండి వచ్చేస్తోంది. నేను చాలా ట్రై చేశానయ్యా."

బతిమాలినవాళ్లకు ఇవ్వని ఎగ్జిట్, వద్దనుకున్నవాడికి పిలిచి ఇచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియక దిలావర్ చేతులు స్వెట్టరుకు తుడుచుకున్నాడు. ఇక ఈ చేతుల్లో స్టీరింగు ఉండదు. అది తెలిసే తాళంచెవి జేబులో వేసుకున్నాడు కదా. ఇప్పుడు అడిగినా మళ్లీ అలాగే వేసుకుంటాడు. ఆ సంగతి తనకు తను గట్టిగా చెప్పుకుని తల ఎత్తాడు.

"మీరు ఫోన్లో నిజం చెప్పినారంట గదా సార్. అది చాలు" అన్నాడు.

పెట్టె సర్దుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. సర్దార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అన్నా, నిన్న గా మాట అన్నందుకు మాఫ్ చెయ్యి. నువ్వు మాతోని నిలవడ్డవు."

"ల్యా. నేను ఎవురితోనూ నిలబల్యా. మీరు రమ్మన్నారు, నేను రానన్నా. ఇది నేను సొంతంగా చేసింది."

"గట్లనే అనుకో. గాని సంఘమంటూ ఒకటుంటే గిదంత నీ ఒక్కని నెత్తి మీదికి రాకపోవు గదనే. మేమందరం ఉండి గూడ, నోరు మూసుకొని చూడవడితిమి."

ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చున్న ఓబులయ్య ముఖం దిలావర్ కళ్ల ముందు కదిలింది. ఊరికి వెళ్తే ఆయన్ను చూడాలి. రిటైరై ఉంటాడు. ఏం చెప్పాలో తెలియదు కానీ, ఈసారి టీ మాత్రం తనే పోయించాలి.

"ఎప్పుడన్నా పెట్టుకుంటే పెట్టుకోండప్పా" అన్నాడు చివరికి. "నా బోటోణ్ని అడిగి చేర్చుకోండి. చెయ్యి పట్టి రాయించొద్దు. రానన్నోణ్ని రాయితో కొట్టొద్దు. అట్లుంటే... నేనైనా చేరుందునేమో."

బయట హారను మోగింది. మనుషులు మాస్కులు మెడలో వేలాడేసుకుని వాకిట్లో రెండు వైపులా నిలబడ్డారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. గేటు దగ్గర మేనేజరు చూస్తున్నాడు. దిలావర్ నడుస్తుంటే ఒక్కొక్కరూ చెయ్యి చాచి అతని భుజాన్ని తాకారు. అలా అందరూ ముట్టుకుంటే అతనికి చిరాకు రావాలి. రాలేదు. డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాడు. బండి మలుపు తిరిగేటప్పుడు లేని బ్రేకు కోసం అతని కుడికాలు నేలను నొక్కింది.

బండి కనుమరుగయ్యాక సర్దార్‌కు తీగ మీద దిలావర్ మరిచిపోయిన ఖాకీ చొక్కా కనిపించింది. గబగబా తీయబోయి, చెయ్యి వేసి చూస్తే ఇంకా తడిగా ఉంది. కాసేపు పట్టుకుని మళ్లీ అలాగే వదిలేశాడు. మర్నాడు బట్టలు ఆరేయడానికి వచ్చినవాళ్లు తమవి అటూ ఇటూ జరిపి వేసుకున్నారు. ఆరిపోయి బిరుసెక్కిన ఆ చొక్కా, తీగ నడుమ తన చోటులో తను వేలాడుతోంది.